సాక్చి అని పేరు పెడితే

(సిద్ధగోరాలో తెలుగు విద్యార్థులు ఏర్పాటు చేసుకున్న అంబేడ్కర్ జయంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే విషయం వినడానికి చాలా చిన్నది. పుట్టిన బిడ్డకు ఒక ఊరి పేరు పెట్టవచ్చా? పెడితే ఏ ఊరి పేరు పెట్టాలి? ఆ పేరు పెట్టుకునే హక్కు మనకు ఎక్కడి నుంచి వస్తుంది? జయంతి సభ కాబట్టి రిజర్వేషన్ల గురించో రాజ్యాంగం గురించో మాట్లాడతాడని వచ్చినవాళ్లు నిరాశపడకండి. ఈ ప్రశ్న పట్టుకుని నడిస్తే ఆ రెండూ దారిలో ఎదురవుతాయి.

మీలో చాలామందికి తెలుసు, నేను ఈ సిద్ధగోరాలోనే పుట్టి పెరిగాను. మా తాత శ్రీకాకుళం జిల్లా నుంచి కూలిపనికి వచ్చి ఇక్కడ ఉండిపోయాడు. ఇప్పుడు హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. వలస వెళ్లిన దళిత కుటుంబాల్లో పేర్లు ఎలా మారాయన్నది నా పరిశోధన. నాలుగు నెలల కిందట మా అక్కకు పాప పుట్టాక ఆ పరిశోధన మా ఇంట్లోకే వచ్చింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఇంగ్లండు ఫుట్‌బాల్ ఆటగాడు డేవిడ్ బెక్‌హామ్ తన కొడుక్కి బ్రూక్లిన్ అని పేరు పెడితే మన పత్రికలు వింతగా రాశాయి. అమెరికాలో ఒక పేట పేరు మనిషికి పెట్టడమేమిటని. నిజానికి ఊరి పేరు మనిషికి పెట్టడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఉత్తరాంధ్రలో ఏ ఊరి వీధిలో నిలబడి "సింహాచలం" అని పిలిచినా ఇద్దరు ముగ్గురు పలుకుతారు. మగవాళ్లకీ అదే పేరు, ఆడవాళ్లకీ అదే పేరు. తిరుపతి, అన్నవరం, భద్రాచలం, శ్రీశైలం, యాదగిరి, అరుణాచలం, కాశీ, అయోధ్య, ద్వారక: ఇవన్నీ మన ఇళ్లల్లో మనుషుల పేర్లు. నదులను కూడా కలుపుకుంటే గోదావరి, నర్మద, యమున, కృష్ణవేణి.

ఈ జాబితాను ఒకసారి మళ్లీ చూడండి. ఇవన్నీ క్షేత్రాలు, తీర్థాలు. మొక్కు తీరినందుకో, మొక్కు తీరాలనో పెట్టిన పేర్లు. పుట్టిన ఊరి పేరు పిల్లకు పెట్టినవాళ్లు వీటిలో దాదాపు కనపడరు. దేవుడున్న ఊరికే మనిషికి పేరయ్యే అర్హత దక్కింది.

మా నానమ్మ పేరు సింహాచలం. ఆమె 1945లో పుట్టింది. హరిజనులని అప్పట్లో పిలిచినవాళ్లను మద్రాసు రాష్ట్రంలోని అన్ని హిందూ గుళ్లలోకి రానివ్వాలని చట్టం వచ్చింది 1947లో. అంటే, మా ముత్తాత తన కూతురికి ఒక కొండ పేరు పెట్టుకున్న నాటికి, ఆ కొండ మీది గుళ్లో అడుగుపెట్టే హక్కు చట్టప్రకారం ఆయనకు లేదు. పేరు పెట్టుకోవద్దని మాత్రం ఎవరూ అనలేదు. పేరు ఖర్చులేనిది. గుడి తలుపు దగ్గర ఆపగలరు గానీ పేటలో ఉయ్యాల దగ్గర ఎవరు ఆపుతారు?

ఈ మాట నేను నానమ్మతో అన్నాను. ఆవిడ నవ్వి, "మా అయ్యకి కొండ కనిపించింది గావాల. దూరంనుంచి అగుపడ్డదాని పేరు ఎట్టుకున్నాడు" అంది. నా అధ్యాయంలో మూడు పేజీల్లో చెప్పలేకపోయింది ఆ ఒక్క మాటలో ఉంది.

ఇక రెండో సంగతి, ఇంటిపేరు. తెలుగులో ఊరి పేరు ఎక్కువగా నిలబడింది ఇంటిపేరులో. బమ్మెర అనేది ఊరు, అది పోతన ఇంటిపేరు. తాళ్లపాక ఊరు, అన్నమయ్య ఇంటిపేరు. పాల్కురికి సోమన పేరులో ఉన్నదీ ఊరే. కుటుంబం ఎక్కడికి కదిలిపోయినా ఊరి పేరు వెంట వెళ్లింది. వాడు ఎక్కడివాడో చెప్పడానికి అది చాలు.

మన కుటుంబాల్లో కూడా ఊరి పేరు ఇంటిపేరుగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. అదే ఇంటిపేరు ఆ ఊళ్లో పెద్ద కులాలకూ ఉంటుంది. కానీ మన పెద్దవాళ్ల మాట తీరు గమనించండి. పేటలోంచి బయల్దేరేటప్పుడు "ఊళ్లోకి ఎల్లొస్తాను" అంటారు. ఊరికి ఆనుకుని ఉన్న పేటలో తరతరాలుగా బతుకుతూ, నాలుగడుగులు వేస్తే వచ్చే చోటికి "ఊళ్లోకి వెళ్తున్నాం" అంటారు. అంటే ఉన్నచోటు ఊరు కాదని వాళ్లకు తెలుసు. రెవెన్యూ రికార్డులో ఊరి పేరు ఒకటే ఉండొచ్చు. మాటలో రెండు ఊళ్లున్నాయి. మనకు ఇంటిపేరుగా దక్కింది మనం వెళ్లొచ్చే ఊరి పేరు. మనం పడుకునే పేట పేరు, గూడెం పేరు ఎవరి బిడ్డకూ పెట్టలేదు, మనమూ పెట్టుకోలేదు.

ఇక్కడ బాబాసాహెబ్ పేరు తలుచుకోవాలి. వాళ్ల ఇంటిపేరు సక్పాల్. రత్నగిరి జిల్లాలోని అంబడవే వాళ్ల సొంతూరు. ఆ ఊరి పేరు మీద బడిలో అంబడవేకర్ అని రాయించారు, అది తర్వాత అంబేడ్కర్ అయింది. ఎవరి వల్ల అయిందన్న దాని మీద వాదాలున్నాయి, వాటిలోకి వెళ్లను. మూలం ఊరి పేరన్నది మాత్రం స్పష్టం. భీమ్‌రావు తన పేరు, రామ్‌జీ తండ్రి పేరు, చివరిది ఊరు. కులం తెలిపే మాట అందులో లేదు.

అదే అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదాను ప్రవేశపెడుతూ, గ్రామాన్ని కాకుండా వ్యక్తిని ప్రాతిపదికగా తీసుకున్నందుకు సంతోషం వెలిబుచ్చాడు. గ్రామాన్ని ఆదర్శంగా చూపించేవాళ్లను గట్టిగా విమర్శించాడు. గ్రామం పట్ల ఏ భ్రమా లేని మనిషి జీవితమంతా ఒక గ్రామం పేరుతో సంతకం చేశాడు. దీన్ని వైరుధ్యం అని కొందరు సెమినార్లలో అంటుంటారు. నాకు అలా అనిపించదు. ఊరిని పొగడకుండా కూడా ఊరి పేరు మోయవచ్చు. ఎక్కడి నుంచి వచ్చామో చెప్పడం ఒకటి, అక్కడ జరిగింది మంచిదని ఒప్పుకోవడం ఇంకొకటి. పైగా ఈ రోజు ఆ ఊరు లోకానికి తెలిసిందే ఆయన పేరు వల్ల.

చోటు పేరును మన పేరుగా తీసుకోవడం ఒక్క మనిషి కథ కూడా కాదు. 1917లో బెజవాడలో పంచమ మహాజన సభ జరిగింది. హైదరాబాద్ నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షుడు. నాలుగు వర్ణాల అవతల ఐదోవాళ్లు అని అర్థం వచ్చే "పంచమ" అనే మాటను ఆ సభ తోసేసింది. దాని స్థానంలో "ఆది ఆంధ్ర" అని పెట్టుకుంది. దాన్ని విడదీసి చూడండి. ఆంధ్ర అనేది దేశం పేరు, చోటు పేరు. ఆది అంటే ముందునుంచీ. ఊరి చివర ఉంచినవాళ్లు దేశం పేరును తమ పేరు చేసుకున్నారు, అదీ "మేమే మొదట" అన్న మాటతో కలిపి. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ కులాల జాబితా తెరిస్తే ఆ పేరు ఇప్పటికీ అందులో కనిపిస్తుంది.

కాబట్టి ఊరి పేరు మనిషికి పెట్టడంలో ముందుగా అడగాల్సిన ప్రశ్న, ఎవరు పెట్టారు అని. అమెరికాలో బానిసలకు యజమానులు లండన్ అనీ, యార్క్ అనీ, గ్లాస్గో అనీ పేర్లు పెట్టేవాళ్లు. 1804 నుంచి 1806 దాకా ఆ ఖండం దాటిన లూయిస్, క్లార్క్ యాత్రలో క్లార్క్ బానిస ఒకడు ఉన్నాడు. పేరు యార్క్. ఆ మనిషికి ఇంగ్లండులోని యార్క్ నగరంతో ఏ సంబంధమూ లేదు. అతని పూర్వీకులను ఎత్తుకొచ్చిన చోటు పేరు ఎవరికీ పట్టలేదు. నూట యాభై ఏళ్ల తర్వాత అదే దేశంలో నల్లజాతి తల్లిదండ్రులు కొందరు తమ బిడ్డలకు కెన్యా అని పెట్టుకున్నారు. రెండూ ఊళ్ల పేర్లో దేశాల పేర్లో. ఒకటి యజమాని పెట్టింది, రెండోది తల్లి పెట్టింది.

ఇప్పుడు మనం నిలబడి ఉన్న చోటికి వద్దాం. ఈ ఊరి పేరు జంషెడ్‌పూర్. ఇది మనిషి పేరు ఊరికి పెట్టిన కథ. 1907లో ఉక్కు కంపెనీ పెట్టారు. సువర్ణరేఖ, ఖర్‌కాయి నదులు కలిసే దగ్గర ఆదివాసీ పల్లెల మధ్య చోటు ఎంచుకున్నారు. ఆ చోటు పేరు సాక్చి. దగ్గరి రైల్వే స్టేషను కాలీమాటి. 1912లో ఇక్కడ ఉక్కు తయారైంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ ఉక్కు బ్రిటిష్ వాళ్లకు పట్టాలుగా ఉపయోగపడింది. యుద్ధం ముగిశాక, 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ వచ్చి, జంషెట్‌జీ టాటా పేరు మీద ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు ప్రకటించాడు. కాలీమాటి స్టేషను టాటానగర్ అయింది. శ్రీకాకుళంలో మన బంధువులు ఇప్పటికీ "టాటాలో ఉంతన్నారు" అంటారు కదా.

సాక్చి పూర్తిగా పోలేదు. ఒక పేటగా, బజారుగా మిగిలింది. మన చుట్టూ ఉన్న మిగతా పేర్లు కూడా చూడండి. బారీడీహ్, పర్సుడీహ్, కరన్‌డీహ్. డీహ్ అంటే జనం ఇళ్లు కట్టుకుని ఉన్న చోటు, ఊరి దిబ్బ. ఈ ప్రాంతంలో నీటి వసతి లేని మెరక చేనును గోరా అంటారు, అందులో వేసే మెట్ట వరి గోరా ధాన్. కంపెనీ రాకముందు ఇక్కడ ఇళ్లూ చేలూ ఉన్నాయని ఈ మాటలే సాక్ష్యం చెబుతున్నాయి. "అడవిని నగరం చేశారు" అని బడిలో మనకు నేర్పిన వాక్యానికి ఈ పేర్లే జవాబు.

ఆ నగరంలోకి మన తాతలు వచ్చారు. వచ్చాక వాళ్ల పేర్లు ఏమయ్యాయి? ఇక్కడ ఫారంలో మొదట పేరు, చివర సర్‌నేమ్ రాయాలి. మన ఇంటిపేరు ముందు ఉంటుంది, వీళ్లకు వెనక కావాలి. ఇంటిపేరు పొట్టి అక్షరమై ముందుకు పోయింది, చివర "రావు" నిలబడింది. అలా ఈ ఊళ్లో తెలుగువాళ్లందరూ రావులయ్యారు. వెలమలు రావులే, కాపులు రావులే, మాలలు రావులే, రెల్లివాళ్లు రావులే. పేరు చెబితే "ఆగే?" అని అడిగేవాళ్లకు, అంటే "ఆ తర్వాత ఏంటి?" అంటూ కులం కనుక్కునేవాళ్లకు, రావు అనే మాట అడ్డుగోడలా పనికొచ్చింది. అది మన పెద్దవాళ్లకు కొంత ఊపిరి ఇచ్చిందని నేను ఒప్పుకుంటాను. బయట బిహారీకీ బెంగాలీకీ మనం అందరం ఒకే రావులం. మన తెలుగు పెళ్లిళ్లలో, వంటశాల దగ్గర, సంబంధాలు చూసే దగ్గర మాత్రం ఏ రావు ఎవరో అందరికీ తెలుసు.

అదే సమయంలో ప్రభుత్వం దగ్గర మన కులం మాయమైంది. రాజ్యాంగం 341వ అధికరణం ప్రకారం షెడ్యూల్డ్ కులాల జాబితా రాష్ట్రం వారీగా ఉంటుంది. జార్ఖండ్ జాబితాలో మాల లేదు, మాదిగ లేదు, రెల్లి లేదు, ఆది ఆంధ్ర లేదు. 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగకు చెందిన తండ్రి ఉద్యోగం మీద మహారాష్ట్రకు వెళ్లాడు, కొడుకు అక్కడ మెడికల్ సీటు అడిగాడు. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లిన రాష్ట్రంలో చెల్లదని కోర్టు చెప్పింది. దాని ఫలితం మన ఇళ్లల్లో చూస్తున్నాం. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే నేను ఎస్సీని. రాంచీలో రాష్ట్ర ఉద్యోగానికి పెడితే జనరల్. ఆంధ్రకు వెళ్తే, అక్కడ చదవలేదు కాబట్టి నాన్‌లోకల్. కులం మనతో పాటు రైలెక్కి వచ్చింది, దాని కాగితం మాత్రం సరిహద్దు దగ్గర దిగిపోయింది.

అందుకే నేను అంటున్నాను, మనకు చోటు అనేది సెంటిమెంటు సంగతి కాదు. మనం ఎవరో చట్టం తేల్చేది చోటును బట్టి. అలాంటప్పుడు బిడ్డ పేరులో ఏ చోటు ఉండాలన్నది ఉబుసుపోక అడిగే ప్రశ్న ఎలా అవుతుంది?

ఇక మా ఇంటి సంగతి. మా అక్క తన కూతురికి సాక్చి అని పేరు పెడతానంది. తను పుట్టిందీ, చదువుకుందీ, ఉద్యోగం చేసేదీ ఈ ఊళ్లోనే. "ఈ ఊరికి వైస్రాయి పెట్టిన పేరు ఉంది. దానికంటే ముందు ఉన్న పేరు నా కూతురికి కావాలి" అంది. మా అమ్మ ఒప్పుకోలేదు. "గుంటకి బజారు పేరు ఎట్టుకుంతారేటే? రేపు ఇస్కూల్లో నిన్ను ఏ కొట్లో కొన్నార్రా అని అడగరా?" అంది. మా బావ వాళ్లు తిరుపతి మొక్కు ఉందన్నారు. మా నాన్న మౌనంగా ఉండి, చివరకు "ఏం పేరు పెట్టినా ఆఫీసులో సాక్షి అని రాస్తారు" అన్నాడు.

ఆ మాటలో నిజం ఉంది. సాక్చి అని చెబితే గుమాస్తా సాక్షి అనే రాస్తాడు. అది తెలిసిన పేరు, అందమైన సంస్కృతం మాట. ఒక్క అక్షరం మారితే ఒక పల్లె పోయి ఒక సంస్కృత పదం వస్తుంది. ఇలాంటి సవరణలు మన పేర్లకు ఎన్ని జరిగాయో నా పరిశోధనలో చూస్తూనే ఉన్నాను. పోలమ్మ పూర్ణిమ అవుతుంది, అప్పాయమ్మ అపర్ణ అవుతుంది. దిద్దినవాళ్లు మేలు చేశామనే అనుకుంటారు.

వీటన్నిటికంటే గట్టి అభ్యంతరం ఇంటి బయటనుంచి వచ్చింది. కరన్‌డీహ్‌లో ఉండే నా సంతాల్ స్నేహితుడికి ఈ మాట చెప్పాను. అతను కొంచెంసేపు ఆలోచించి, "పెట్టుకోండి, బాగుంది. కానీ రేపు 1932 ఖతియాన్ గురించి అడిగితే సాక్చి ఏ పక్కన నిలబడుతుంది?" అన్నాడు.

1932 నాటి భూమి రికార్డులో పూర్వీకుల పేరు ఉన్నవాళ్లను స్థానికులుగా గుర్తించే బిల్లును జార్ఖండ్ శాసనసభ 2022 నవంబర్ 11న ఆమోదించింది. గవర్నరు తిప్పి పంపారు. 2023 డిసెంబరులో సభ మళ్లీ ఆమోదించింది. ఈ ఊళ్లోని వలస కుటుంబాలకు ఆ బిల్లు పేరు చెబితే కోపం. ఆదివాసీలకు అది తమ నేల మీద తమ మాట చెల్లాలన్న కోరిక. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చింది కాబట్టి వాళ్ల చేతిలో ఆ కాస్త భూమి మిగిలింది. ఆ చట్టం వెనక బిర్సా ముండా ఉల్గులాన్ ఉంది. ఆ చట్టానికి ముందు ఏడాదే ఇక్కడ కంపెనీ పుట్టిందని కూడా గుర్తుపెట్టుకోండి.

నా స్నేహితుడికి నేను చెప్పిన జవాబు ఇది. మాకు 1932 కాగితం ఇక్కడ లేదు. అక్కడా లేదు. మా తాతకు శ్రీకాకుళంలో సెంటు భూమి ఉంటే ఆయన ఈ రైలు ఎక్కేవాడే కాదు. అప్పట్లో మా జిల్లాలోనే ఉన్న వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న అయిదుగురు దళితులను చంపారు. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకున్న భూమిలో మిగిలినచోట సాగు చేసుకోవడమే వాళ్లు చేసింది. నేల మీద హక్కు అడిగితే ప్రాణాలు పోతాయని మాకు తెలుసు. అందుకే మీ భూమి కాగితాన్ని చూసి మేము కోపం తెచ్చుకోకూడదు. మాకు ఎప్పుడూ దొరకనిది మీకు మిగలాలని కోరుకోవాలి. స్థానికత నిర్వచనంలో భూమి లేని దళితుడికి ఎక్కడ చోటు అన్న ప్రశ్న కూడా అడగాలి. మీ ఎదురుగా నిలబడి అడిగితే దానికి జవాబు రాదు. మీ పక్కన నిలబడి అడగాలి.

అతను, "అయితే పాపకు ఆ మాట నేర్పండి" అన్నాడు. అతను పెట్టిన షరతు అదొక్కటే.

మన ఉద్యమంలో పెట్టే పేర్ల గురించి కూడా ఒక మాట. సిద్ధార్థ, సుజాత, రమాబాయి, రాహుల్ అని మనవాళ్లు పెట్టుకుంటున్నారు. ఊళ్ల పేర్లూ ఉన్నాయి: లుంబిని, సాంచి, నలంద, అమరావతి, వైశాలి. వైశాలి అనే అమ్మాయిలు ప్రతి కాలేజీలో ఉంటారు, అది ఊరి పేరని తెలిసినవాళ్లు తక్కువ. వజ్జీల గణరాజ్యానికి అది రాజధాని. మహాప్రజాపతి గౌతమి, తనతో వచ్చిన స్త్రీలు కాలినడకన బుద్ధుడి దగ్గరికి వెళ్లి సంఘంలో చోటు అడిగి సాధించుకున్నది వైశాలిలోనే. మా అక్కకు నేను మొదట ఆ పేరే చెప్పాను. ఆ పేరుతో గుమాస్తా దగ్గర ఇబ్బంది లేదు, అమ్మకూ అభ్యంతరం లేదు. అక్క మాత్రం, "మంచి పేరే. కానీ అది రెండువేల అయిదువందల ఏళ్ల కిందటి ఊరు. నాకు రోజూ ఆటో దిగే ఊరు కావాలి" అంది.

ఆమె మాట సగం సరైనది. మన ఉద్యమానికి చోట్ల పేర్లంటే మహద్, నాగపూర్, కోరెగావ్. మరోవైపు కారంచేడు, చుండూరు. అవి తారీఖులతో కలిసి గుర్తుండే పేర్లు. జనవరి 1 అంటే మనకు కోరెగావ్. ఇక్కడికి దగ్గరలోనే ఉన్న ఖర్సావాన్‌లో 1948 జనవరి 1న, ఒడిశాలో విలీనం వద్దన్న ఆదివాసీల మీద పోలీసులు కాల్పులు జరిపారు. వాళ్లకు అదే రోజు సంతాప దినం. ఈ నేల మీద మూడు తరాలుగా ఉండి, ఆ రోజు మనం కోరెగావ్ ఒక్కటే తలుచుకున్నాం. సాక్చి అనే పేరు మన ఇంట్లోకి వస్తే ఖర్సావాన్ కూడా రావాలి. మిగతా సగం అదే.

నా అభిప్రాయం చెబుతాను. పిలిచే పేరు ఏదైనా ఉండనివ్వండి. ఇంటిపేరు ఉంచండి, అది మనం వెళ్లొచ్చిన ఊరు. ఆ రెంటి మధ్య, ఇప్పటిదాకా ఖాళీగానో తండ్రి పేరుతోనో ఉన్న నడిమి చోటులో, బిడ్డ పుట్టిన చోటు పేరు రాయండి. మా పాప విషయంలో నా ఓటు సాక్చిని నడిమి పేరుగా పెట్టడానికే. పిలిచే పేరుగా పెడితే ఆ ఊరు మాదని చెప్పినట్టు ఉంటుంది. మధ్యలో ఉంటే, ఈ ఊరికి మేము బాకీ ఉన్నామని చెప్పినట్టు ఉంటుంది. రావు అడ్డుగోడలా పనిచేసింది, "ఆగే?" అని అడిగినవాడిని ఆపేసింది. సాక్చి అలా ఆపదు. "అదేం పేరు?" అని ఇంకో ప్రశ్న తెస్తుంది. అప్పుడు పాప చెప్పాలి: ఈ నగరానికి ముందు ఇక్కడ ఒక పల్లె ఉండేది, మా ముత్తాత ఆ పల్లె పోయాక వచ్చాడు, మేము ఆంధ్ర నుంచి వచ్చిన దళితులం అని. ఆ మూడు మాటలు చెప్పే ధైర్యం ఇవ్వలేనప్పుడు ఆ పేరు పెట్టకండి. అప్పుడది గోడకు తగిలించిన ఆదివాసీ బొమ్మలాంటిదే అవుతుంది.

ఆచరణ సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మీలో చాలామంది ఇళ్లల్లో పిల్లలు పుడుతున్నారు. పుట్టుక నమోదు 21 రోజుల్లో చేయించాలి. అప్పటికి పేరు తేలకపోయినా ఫరవాలేదు. 1969 జనన మరణ నమోదు చట్టం 14వ సెక్షన్ కింద పేరు తర్వాత చేర్చవచ్చు. పన్నెండు నెలల్లోపు రుసుము లేదు, ఆ తర్వాత పదిహేనేళ్ల దాకా రుసుము కట్టి చేర్చవచ్చు. 2023లో ఆ చట్టాన్ని సవరించారు. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడానికీ, ఓటరు జాబితాకూ, ప్రభుత్వ ఉద్యోగానికీ పుట్టిన తేదీకి, పుట్టిన చోటుకు ఆ సర్టిఫికెట్టే రుజువు. కాబట్టి అక్షరం అక్షరం చూసుకోండి. కాగితం మీద పేరు మీరే రాసి ఇవ్వండి, హిందీలోనూ ఇంగ్లీషులోనూ. సాక్చి సాక్షి అయిందా లేదా అన్నది కిటికీ దగ్గరే తేల్చుకుని రండి.

మా ఇంట్లో ఇంకా తేలలేదు. ఎనిమిది నెలల గడువుంది. మా నానమ్మ తన పేరు ఎవరికీ పెట్టొద్దంది. "నా పేరు నాతో సాలు. ఆ గుంటకి ఆ ఊళ్లోకి ఎల్లే పేరు ఎట్టండి" అంది.

మీకు ఒక పని అప్పగించి ముగిస్తాను. ఈ రోజు ఇంటికి వెళ్లి మీ పెద్దవాళ్లను అడగండి. వాళ్లు వదిలొచ్చిన ఊరి పేరు మీకు తెలిసే ఉంటుంది. ఆ ఊళ్లో మన పేట పేరేమిటి? గూడెం పేరేమిటి? ఏ స్టేషనులో రైలెక్కారు, ఇక్కడ మొదట ఏ బస్తీలో దిగారు, ఆ బస్తీకి అంతకు ముందు ఏ పేరుండేది? తెలుగులో రాయడం రాకపోతే హిందీలో రాసుకోండి. మన పేటల పేర్లు ఏ పురాణంలోనూ లేవు, ఏ ఇంటిపేరులోనూ లేవు. చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభైల్లో ఉన్నారు. వాళ్లు చెప్పేలోపు రాసుకోకపోతే, బిడ్డకు పెట్టాలని మీకు అనిపించిన రోజున ఆ పేరు ఉండదు.

జై భీమ్. జోహార్.